చావు కబురు చల్లగా

చావు కబురు చల్లగా చెప్పాడని మనలో ఒక సామెత ఉన్నది. పరుగెత్తుకొని వచ్చి చెప్పవలసినవాడు తీరుబడిగా వచ్చి, అరుగుమీద చతికిలబడి, మంచినీళ్ళు తాగి, వానల సంగతి మాట్లాడి, లేచి వెళ్ళబోతూ అసలు కబురు చెబితే వాణ్ణి పట్టుకొని అనే మాట అది. చిన్నప్పటినుంచీ దానిని తిట్టుగానే విన్నాము, తిట్టుగానే వాడాము. అందులో తిట్టు ఎంత ఉన్నదో బుద్ధి కూడా అంతే ఉన్నదని డెబ్బై దాటిన తరువాత గాని మాకు తెలియలేదు. తెలియజెప్పినది ఎవరో కాదు, ఇంగ్లండు రాణిగారు. మైసూరులో నాలుగు తరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళకు ఇంగ్లండు రాణి బుద్ధి చెప్పడమేమిటని పాఠకులు నవ్వవచ్చు. నవ్వినా సరే, కొంచెం ఓపిక పట్టి చదవమని మనవి.

2022 సెప్టెంబరు 8వ తేదీ, గురువారం. సాయంకాలం అయిదు దాటింది. మా ఇంటావిడ కాఫీ కలుపుతున్నది. మా మేనత్తగారు కుర్చీలో కూర్చుని వత్తులు చేసుకుంటున్నారు. ఆమెకు అప్పటికి తొంభై ఏళ్ళు. మేము టీవీలో ఢిల్లీ సంగతులు చూస్తున్నాము. ఆ సాయంకాలం అక్కడ పెద్ద ఉత్సవం. ఇంగ్లీషువాళ్ళు కింగ్స్‌వే అని పేరు పెట్టిన బాట, స్వాతంత్ర్యం వచ్చాక రాజ్‌పథ్ అయింది. ఆ రోజున కర్తవ్యపథ్ అని పేరు మార్చుకొని ప్రారంభం కాబోతున్నది. ఇండియా గేటు దగ్గర ఒకప్పుడు అయిదవ జార్జి విగ్రహం నిలబడిన మండపంలో నేతాజీ విగ్రహం ఆవిష్కరించబోతున్నారు. సరిగ్గా అదే వేళకు తెర అడుగున చిన్న అక్షరాలలో ఒక వార్త పరుగెత్తింది. ఆ జార్జి మనవరాలు, బ్రిటన్ రాణి ఎలిజబెత్ ఆరోగ్యం గురించి వైద్యులు ఆందోళన పడుతున్నారట.

"ఎవరికిరా బాగాలేదట?" అని అడిగారు అత్తయ్య.

"ఇంగ్లండు రాణికి అత్తయ్యా."

"నా వయసుదేనా?"

"మీకన్న ఆరేళ్ళు పెద్దది."

"అయితే నాకింకా ఆరేళ్ళు ఉన్నాయన్నమాట," అని ఆమె మళ్ళీ వత్తుల పనిలో పడ్డారు.

మేము బి.బి.సి. పెట్టాము. ఈ అలవాటు మాకు ట్రాన్సిస్టరు రోజులనాటిది. లండనులో అప్పటికి మధ్యాహ్నం పన్నెండున్నర దాటింది. అక్కడి ముఖ్య ఛానలులో నడుస్తున్న పగటి కార్యక్రమాన్ని మధ్యలో ఆపివేసి వార్తలు అందుకున్నారు. చూడబోతే చెప్పడానికి వాళ్ళ దగ్గర ఉన్నది రెండు మూడు ముక్కలే. వైద్యులు ఒక ప్రకటన ఇచ్చారు. రాణిగారు స్కాట్లండులోని బాల్మొరల్ కోటలో ఉన్నారు. పిల్లలు, మనుమలు అక్కడికి బయలుదేరారు. ఈ మూడు ముక్కలనే తిప్పి తిప్పి చెబుతూ, వానలో తడుస్తున్న కోట గేటును చూపుతూ గంటల తరబడి కూర్చున్నారు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పలేదు, ఊహించి పూరించలేదు.

మా ఇంటావిడ కాఫీ గ్లాసులు అందిస్తూ తెరవంక ఒక్కసారి చూచింది. "ఆ చదివే ఆయన టై చూడండి. నల్లది కట్టుకున్నాడు. అయిపోయినట్టే," అన్నది.

"ఇంకా చెప్పలేదుగా?"

"నోటితో చెప్పలేదు. మెడతో చెబుతున్నాడు."

మేము మాట్లాడలేదు. వంటింట్లోనుంచి వచ్చిన మనిషికి తెలిసినది గంటసేపు తెరముందు కూర్చున్న మాకు తెలియకపోయెనే అని కొంచెం చిన్నతనం వేసింది.

రాత్రి ఎనిమిదిన్నరకు మా బంధువుల వాట్సాప్ గ్రూపులో రాణిగారి ఫోటో వచ్చింది, పూలదండతో, దీపంతో, ఓం శాంతితో సహా. ఆ వేళకు ప్రపంచంలో ఏ అధికారీ ఆ మాట చెప్పలేదు. లండనులోనే ఒక విలేఖరి తొందరపడి మరణవార్త బయటపెట్టి, పొరపాటయిందని వెనక్కు తీసుకొని క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. గ్రూపులో వచ్చిన ఆ దండ చూచి మేము ఎవరినీ తప్పుపట్టలేకపోయాము. ఎందుకో తరువాత చెబుతాము.

మన గడియారంలో రాత్రి పదకొండు గంటలకు ప్రకటన వచ్చింది. చదివినాయన గొంతు ఎత్తలేదు, దించలేదు. రాణిగారు ఆ మధ్యాహ్నం ప్రశాంతంగా కన్నుమూశారని చెప్పి ఊరుకున్నాడు. తెరమీద ఆమె ఫోటో నిలిచింది, వాళ్ళ జాతీయగీతం మోగింది. చప్పుడుకు అత్తయ్యకు మెలకువ వచ్చింది.

"పోయిందా?"

"పోయారు అత్తయ్యా."

"పిల్లలందరూ అందుకున్నారా?"

"పెద్దకొడుకూ కూతురూ దగ్గరే ఉన్నారట. తక్కినవాళ్ళు దారిలో ఉన్నారు."

"రాణి అయినా అంతే కదరా," అని అత్తయ్య అటు తిరిగి పడుకున్నారు.

ఆ నెలాఖరున రాణిగారి మరణపత్రం బయటికి వచ్చింది. కారణం వృద్ధాప్యం అని ఒకే మాట వ్రాసి ఉన్నది. పోయిన సమయం అక్కడి మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. అంటే మనకు రాత్రి ఏడు గంటల నలభై. లోకానికి చెప్పినది పదకొండుకు. నడుమ మూడు గంటల ఇరవై నిమిషాలు. సరిగ్గా చావు కబురు చల్లగా చెప్పడమే ఇది! అయితే ఆ మూడు గంటలలో ఏం చేశారు? ప్రధానమంత్రికి చెప్పారు. దారిలో ఉన్నవాళ్ళను ఇల్లు చేరనిచ్చారు. చెప్పవలసిన మాటలు సరిచూచుకున్నారు. ఆ తరువాతే నోరు విప్పారు.

ఈ నిదానం ఒక్క రోజులో వచ్చినది కాదు. రాణిగారు పోతే ఎవరు ఎవరికి చెప్పాలి, ఏ రోజున ఏమి జరగాలి అన్నది ఏళ్ళ తరబడి వ్రాసిపెట్టుకున్నారు. దానికి లండన్ బ్రిడ్జి అని రహస్య నామం. ఆమె స్కాట్లండులో పోతే వేరే ఏర్పాటు, దానికి యూనికార్న్ అని పేరు. 2017లో ఒక ఇంగ్లీషు పత్రిక ఈ సంగతులన్నీ విపులంగా అచ్చువేసింది గనుక రహస్యం రహస్యంగా మిగలలేదు. టీవీవాళ్ళు జీవితచరిత్ర చిత్రాలు ముందే తయారుచేసి పెట్టుకుంటారు. నల్లబట్టలు చేతికందేటట్టు ఉంచుకుంటారు. బ్రతికి ఉన్న మనిషి చావుకు రిహార్సళ్ళు కూడా వేస్తారు. 2015 జూన్‌లో అటువంటి రిహార్సలు జరుగుతూంటే, అదే నిజమనుకొని బి.బి.సి.లో పనిచేసే ఒకరు ట్విట్టరులో వ్రాసేశారు. సంస్థ క్షమాపణ చెప్పుకున్నది. రాణిగారు అటుపైన ఏడేళ్ళు నిక్షేపంగా ఉన్నారు.

టై సంగతి కూడా ఊరికే వచ్చినది కాదు. 2002లో రాణిగారి తల్లి 101వ ఏట పోయినప్పుడు బి.బి.సి.లో వార్త చెప్పిన పీటర్ సిసన్స్ నల్లది కాక ముదురు ఎరుపు టైతో కనిపించాడు. పత్రికలు ఆయనను ఉతికి ఆరవేశాయి. తగ్గినా తప్పే, హెచ్చినా తప్పే. 2021 ఏప్రిల్ 9న రాణిగారి భర్త ఫిలిప్ పోయినప్పుడు అన్ని కార్యక్రమాలనూ ప్రక్కకు త్రోసి ఆయన సంగతులే వేస్తే, ఇంత అవసరమా అని లక్షకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. దుఃఖానికి కొలపాత్ర ఎక్కడ దొరుకుతుంది?

ఆ రోజులలో మాకు నిద్ర పట్టేది కాదు. రాజుల చావులను లోకానికి ఎట్లా చెబుతూ వచ్చారో పుస్తకాలలోనూ పాత పత్రికలలోనూ వెదికి చదవడం మొదలుపెట్టాము. చదివినకొద్దీ ఆశ్చర్యం వేసింది.

మొదటిది తొందర కథ. పైన చెప్పిన అయిదవ జార్జి 1936 జనవరి 20న మరణశయ్య మీద ఉన్నాడు. అప్పటికి టీవీ లేదు, రేడియో ఉన్నది. రాజుగారి జీవితం నెమ్మదిగా ముగింపుకు చేరుతున్నదని రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతం నుంచి పావుగంటకొకసారి చెబుతూ వచ్చారు. అర్ధరాత్రికి అయిదు నిమిషాల ముందు ఆయన పోయాడు. ఇంతవరకు లోకానికి తెలిసినదే. యాభై ఏళ్ళ తరువాత, 1986లో, ఆయన వైద్యుడు లార్డ్ డాసన్ వ్రాసుకున్న కాగితాలు బయటపడ్డాయి. చావు త్వరగా రావడానికి ఆయనే మార్ఫిన్, కొకెయిన్ సూదులు ఇచ్చాడట. బాధ తప్పించడం ఒక కారణం. రెండవ కారణం వింటే ఒళ్ళు జలదరిస్తుంది. మరణవార్త సాయంకాలపు చిల్లర పత్రికలలో కాక ఉదయపు పెద్ద పత్రికలో మొదట రావాలని! లండనులో ఉన్న భార్యకు ఫోను చేసి, టైమ్స్ పత్రిక అచ్చు ఆపి ఉంచమని చెప్పించాడు కూడా. వార్త చావు కోసం ఎదురుచూడాలి గాని, చావు వార్త కోసం త్వరపడవచ్చునా?

రెండవది సాగతీత కథ. జపాను చక్రవర్తి హిరోహితో 1988 సెప్టెంబరు 19న రక్తం కక్కుకొని మంచం పట్టాడు. 1989 జనవరి 7 ఉదయాన పోయాడు. నూటపదకొండు రోజులపాటు అక్కడి టీవీవాళ్ళు ఆయన జ్వరం ఎంత, నాడి ఎంత, ఈ రోజు ఎంత రక్తం ఎక్కించారు అని అంకెలు చెబుతూనే ఉన్నారు. ఊళ్ళలో ఉత్సవాలు మానుకున్నారు. ఒక కారు ప్రకటనలో గాయకుడు అందరూ కులాసాయేనా అని పలకరిస్తాడు. సమయం కాదని ఆ పలుకు వినబడకుండా చేశారు. ఇన్ని అంకెలు చెప్పినవాళ్ళు అసలు జబ్బు క్యాన్సర్ అన్న మాట మాత్రం ఆయన పోయేదాకా అధికారికంగా చెప్పలేదు. పోయిన తరువాత రెండు రోజులు అన్ని ఛానళ్ళూ ప్రకటనలు మాని అదే విషయం వేస్తూంటే, జనం వెళ్ళి వీడియో దుకాణాల ముందు నిలబడ్డారట. నాడి లెక్కపెడుతూ నూరు రోజులు కూర్చున్నవాళ్ళకు కన్నీరు ఇంకిపోయిందేమో!

మూడవది మౌనం కథ. ఇది మన ప్రక్క ఇంటిదే. 2001 జూన్ 1 రాత్రి ఖాట్మండు రాజభవనంలో నేపాల్ రాజు బీరేంద్ర, రాణి, పిల్లలు, బంధువులు తుపాకీ గుండ్లకు కూలిపోయారు. మర్నాడు ఉదయం ఆ దేశపు రేడియో విషాద సంగీతం వేసింది గాని ఏమి జరిగినదీ చెప్పలేదు. జనం విదేశీ ఛానళ్ళవల్ల, మన దేశపు ఛానళ్ళవల్ల తమ రాజు పోయాడని తెలిసికొన్నారు. తరువాత ఆయుధం దానంతటదే పేలిందన్నట్టుగా ఒక మాట పైనుంచి వచ్చింది. ఎవరు నమ్ముతారు? వీధులలో అల్లర్లు లేచాయి. రాజరికమే 2008లో పోయింది. దానికి కారణాలు అనేకం. కాని ఆ ఉదయపు మౌనంలో పోయిన నమ్మకం మళ్ళీ తిరిగి రాలేదని మా అభిప్రాయం.

మనదేశంలో రాజులు లేకపోయినా ఈ మౌనం మనకూ తెలియనిది కాదు. 1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ పోయిన సంగతి ఆకాశవాణి సాయంకాలం ఆరు గంటలకు చెప్పింది, బి.బి.సి. అంతకు గంటల ముందే చెప్పేసింది. మా వీధిలో పదిమంది ఒక ట్రాన్సిస్టరు చుట్టూ నిలబడి విన్న దృశ్యం మాకు ఇంకా కళ్ళకు కట్టినట్టే ఉన్నది. బెంగాలు పర్యటనలో ఉన్న కొడుకు రాజీవ్ కూడా ఆ పూట విదేశీ రేడియోమీదే చెవి పెట్టవలసి వచ్చింది.

మా మైసూరు సంగతీ చెప్పాలి. 1974 సెప్టెంబరు 23న జయచామరాజ ఒడెయరు గారు పోయినప్పుడు మా రాష్ట్రంలో టీవీ లేదు. మా ఇంటికి ఆ కబురు తెచ్చినది పాలవాడు. చెంబు క్రింద పెట్టి, తలగుడ్డ తీసి చేతితో పట్టుకొని, దొరగారు ఇక లేరమ్మా అని కన్నడంలో చెప్పాడనీ, ఆ తలగుడ్డ తీసినప్పుడే తనకు తెలిసిపోయిందనీ అత్తయ్య చెబుతూండేవారు. లండను నల్ల టైకీ పాలవాడి తలగుడ్డకూ భేదమేమున్నది? 2013 డిసెంబరు 10న ఆయన కుమారుడు శ్రీకంఠదత్త నరసింహరాజ ఒడెయరు గారు పోయేనాటికి మాకు లెక్కలేనన్ని ఛానళ్ళు. పొద్దుపోయేదాకా అంబావిలాస భవనం ముందు జనమే జనం. ఏడుస్తున్న ఒక ముసలామె నోటి ముందు మైకు పెట్టి మీకేమనిపిస్తున్నదని అడగడం మేము కళ్ళారా చూచాము. ఆమెకేమనిపిస్తున్నదో ఆమె ముఖమే చెబుతూంటే ఇంకా అడగడమెందుకు?

రాణిగారి అంత్యక్రియలు సెప్టెంబరు 19న జరిగాయి. మా ఇంటిల్లిపాదీ చూచాము. 142 మంది నావికులు శకటాన్ని లాగుతూంటే, నిమిషానికొకసారి గంట మోగుతూంటే, వ్యాఖ్యానం చెప్పేవాళ్ళు ఎంతోసేపు నోరే విప్పలేదు. టీవీ పెట్టి ఉండగా మా ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండడం అదే మొదలు. శవపేటికమీద కిరీటం చూచి మా మనవరాలు, "తాతయ్యా, అందులో ఉన్నది మన కోహినూరేనా?" అని అడిగింది. కాదన్నాము. ఆ కిరీటం వేరు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులలో పుట్టిందని ఎక్కువమంది చెప్పే కోహినూరు, రాణిగారి తల్లి కిరీటంలో ఉన్నది. 2002లో ఆమె శవపేటికమీదే అది కనబడింది. "మన వజ్రం తీసుకుపోయినవాళ్ళ చావును మనమెందుకు ఇంతసేపు చూడాలి?" అని పిల్ల అడిగింది. న్యాయమైన ప్రశ్నే. మన ప్రభుత్వం కూడా ఒక రోజు సంతాపదినం పాటించింది గదా అని చెప్పవచ్చు గాని, ఆ సమాధానం మాకే రుచించలేదు. మేము చూస్తున్నది రాజ్యాన్ని కాదు, కబురు చెప్పే తీరును. అంతగా దాన్నే ఎందుకు పట్టుకొని కూర్చున్నామో ఇప్పుడు చెప్పుకోవాలి.

మా అక్కయ్యను బరంపురం ఇచ్చారు. 2018 జనవరిలో ఆమెకు జబ్బు ముదిరిందని తెలిసి మేము వెళ్ళి దగ్గర ఉన్నాము. ఒక్కడే కొడుకు, కువైట్‌లో ఉద్యోగం. బయలుదేరానని ఫోను చేశాడు. వాడు విమానంలో ఉండగా తెల్లవారుజామున నాలుగు గంటలకు అక్కయ్య పోయింది. పది నిమిషాలు తిరగకముందే మేము ఆమె షష్టిపూర్తినాటి ఫోటో తీసి, క్రింద నాలుగు మాటలు వ్రాసి, బంధువుల గ్రూపులో పెట్టాము. పెద్దవాళ్ళము మేమే గనుక మేమే చెప్పాలని అనుకున్నామని ఆనాడు అందరితో అన్నాము. ఇవాళ ఈ వయస్సులో అబద్ధమెందుకు? మాకన్న ముందు ఎవరైనా వ్రాసేస్తారేమోనన్న ఆత్రం కూడా ఉన్నది. ఆ గ్రూపులో మా మేనల్లుడు ఉన్నాడన్న సంగతి మా బుద్ధికి తట్టనే లేదు.

వాడు బొంబాయిలో దిగి ఫోను తెరిచేటప్పటికి నలభై మంది ఓదార్పులు వచ్చి ఉన్నాయి. తల్లి పోయిందని వాడికి ఒక్కరూ చెప్పలేదు. పోయినందుకు విచారిస్తున్నామని నలభైమంది చెప్పారు. అక్కడినుంచి భువనేశ్వరానికి రెండవ విమానం పట్టి, బరంపురం వచ్చి, కర్మ అంతా నెరవేర్చి, పదమూడో రోజు తిరిగి వెళ్ళేటప్పుడు వాకిట్లో నిలబడి, "మామయ్యా, నేను దిగేదాకా ఆగలేకపోయారా?" అని ఒక్క మాట అడిగాడు. గొంతు ఎత్తలేదు. మేము జవాబు చెప్పలేదు. ఆనాటినుంచి ఉగాదికీ సంక్రాంతికీ తప్ప వాడి ఫోను రాలేదు. వచ్చినా కులాసా ప్రశ్నలే.

పుస్తకాలు తిరగవేస్తూంటే మాకు ఇంకొక కథ కనిపించింది. 1952 ఫిబ్రవరి 6న ఆరవ జార్జి నిద్రలోనే పోయాడు. బి.బి.సి. ఉదయం పదకొండుంబావుకు ఆ సంగతి చెప్పి, వార్తలు, ఓడలవాళ్ళకు వాతావరణ హెచ్చరికలు వంటివి తప్ప తక్కిన కార్యక్రమాలు ఆపివేసింది. కూతురు ఎలిజబెత్ అప్పుడు కెన్యా అడవులలో ఉన్నది. అధికారికంగా పంపిన తంతి ఆమెకు చేరలేదు. ఒక విలేఖరి ద్వారా పరివారానికి తెలిసి, వాళ్ళు రేడియో పెట్టి నిశ్చయం చేసుకొని, భర్తకు చెబితే, భర్త వెళ్ళి ఆమెకు చెప్పాడు. లోకమంతా విన్న తరువాత గాని తండ్రి పోయినట్టు కూతురికి తెలియలేదు. బహుశా అందుకే కాబోలు, ఆమె రాజ్యంలో ఆ ఏర్పాట్లన్నీ అంత పకడ్బందీగా వ్రాసిపెట్టారు. మూడు గంటల ఇరవై నిమిషాలు ఆగారు. అయినా ఏమయింది? ఆమె మనుమడు హ్యారీ విమానంలో ఉండి, దిగే సమయంలో బి.బి.సి. వాళ్ళ వార్తల పేజీ తెరచి నానమ్మ పోయిందని తెలిసికొన్నాడు. 2023 జనవరిలో వచ్చిన తన పుస్తకంలో ఈ సంగతి తానే వ్రాసుకున్నాడు.

ఆ పుస్తకం సంగతులు పత్రికలలో వచ్చిన వారంలో, పండుగ కాని రోజున, కువైట్ నుంచి ఫోను వచ్చింది.

"మామయ్యా, చదివారా? రాజుగారి కొడుక్కూ నా గతే పట్టింది," అన్నాడు మా మేనల్లుడు.

"చదివాను నాయనా. వాళ్ళు మూడు గంటలు ఆగారు. నేను పది నిమిషాలు ఆగలేదు," అన్నాము.

అవతల కొంతసేపు మాట లేదు. తరువాత వాడే అందుకొని, కువైట్‌లో 2020 సెప్టెంబరు 29న అమీరు పోయిన రోజు సంగతి చెప్పాడు. టీవీలో మామూలు కార్యక్రమం ఆగిపోయి ఖురాను పఠనం మొదలయిందట. ఎవరూ ఏమీ చెప్పకముందే పని చేసేచోట అందరూ లేచి నిలబడ్డారట. "కబురు చెప్పకముందే కబురుకు చోటు చేశారు మామయ్యా. అమ్మ సంగతిలో నాకు కావలసినదీ అంతే," అన్నాడు. మేము తప్పయిపోయిందన్నాము. అయిదేళ్ళ క్రితం వాకిట్లో చెప్పవలసిన మాట అది.

ఇదంతా ప్రక్కన కూర్చుని విన్న అత్తయ్య, ఫోను పెట్టేయగానే కాగితం కలం తెమ్మన్నారు. "వాళ్ళ రాణికి ఒక వ్రాత ఉన్నప్పుడు నాకెందుకు ఉండకూడదు? నేను పోతే ఎవరికి ముందు చెప్పాలో వ్రాసుకో," అన్నారు. శుభమా అని ఆ మాటలెందుకని మా ఇంటావిడ వారించబోయింది. ఆమె వినలేదు. అత్తయ్యకు పిల్లలు లేరు. మమ్మల్నే పెంచి పెద్దచేశారు. వరుసగా పదకొండు పేర్లు చెప్పారు. మొదటి పేరు మా మేనల్లుడిది. "వాడికి నువ్వు ఒకసారి బాకీ పడ్డావు. నా చావుతో తీర్చుకో," అన్నారు. పదకొండు పేర్లూ అయిన తరువాతే గ్రూపులో ఎవరైనా వ్రాయాలనీ, ఫోనులో ముందుగా కూర్చున్నారా నిలబడ్డారా అని అడగాలనీ షరతు. ఆ కాగితాన్ని పంచాంగంలో పెట్టాము.

అత్తయ్య లెక్కవేసుకున్న ఆరేళ్ళు రాలేదు. 2024 ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున అయిదు గంటలకు, కాఫీ అడిగి, అది వచ్చేలోగా వెళ్ళిపోయారు. మా చేయి అలవాటుగా ఫోనుమీదికి పోయింది. మా ఇంటావిడ మాట్లాడకుండా పంచాంగం తెచ్చి మా ముందు పెట్టింది.

కువైట్‌లో అప్పుడు రాత్రి రెండున్నర. మూడవ మ్రోతకు వాడు ఎత్తాడు.

"ఏం మామయ్యా, ఈ వేళప్పుడు?"

"ఏమీ లేదు నాయనా. లేచి కూర్చో. దీపం వేసుకున్నావా? మంచినీళ్ళు ప్రక్కన ఉన్నాయా?"

అవతల దీపం మీట నొక్కిన చప్పుడు వినిపించింది. వాడికి తెలిసిపోయింది. అయినా మేము చెప్పేదాకా ఆగాడు. మేము చెప్పాము.

చాలాసేపటికి, "నాకే ముందా మామయ్యా?" అని అడిగాడు.

"నీకే ముందు."

తక్కిన పదిమందికీ చెప్పేటప్పటికి ఎనిమిదయింది. ఆ తరువాత మా మనవరాలు గ్రూపులో వ్రాసింది. ఇంత ఆలస్యమా, చావు కబురు చల్లగా చెబుతారా అని ఇద్దరు ముగ్గురు బంధువులు నిష్ఠూరమాడారు. అవునన్నాము.